కైరోప్రాక్టిక్ చదివితే కొలువు ఎక్కడ?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి కర్నూలు రాజ్‌విహార్ సెంటర్లో, అనంతపురం సప్తగిరి సర్కిల్లో, కడప ఏడురోడ్ల కూడలిలో ఒక కొత్త రకం ఫ్లెక్సీ కనబడుతోంది. ‘నీట్ ర్యాంకు అక్కర్లేదు, చేతులతోనే వైద్యం, పేరు ముందు డాక్టర్’ అంటూ కైరోప్రాక్టిక్ కోర్సులకు ప్రచారం. ఫోన్లో మెడ తిప్పి ‘టక్’మనిపించే వీడియోలు చూసీ చూసీ పిల్లలకు ఆ చదువు మీద మోజు పుట్టింది. తల్లిదండ్రులు రెండే అడుగుతున్నారు: ఫీజు ఎంత, ఉద్యోగం వస్తుందా అని. వాటికన్నా ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. చదివాక రోగి మీద చెయ్యి వేసే లైసెన్సు ఎవరిస్తారు, ఏ దేశంలో ఇస్తారు? ఈ జిల్లాల్లో ఫిజియోథెరపీ, మాన్యువల్ థెరపీ పనిలో ఉన్నవాళ్ళం కాబట్టి ఆ సంగతి వివరంగా రాస్తున్నాం. మీ విద్యా పేజీలో చోటివ్వగలరు.

మొదట ఈ విద్య ఏమిటో చెప్పాలి. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డేనియల్ డేవిడ్ పామర్ దీన్ని మొదలుపెట్టాడు. రెండేళ్ళకు బడి కూడా పెట్టాడు. వెన్నుపూస పక్కకు జరగడమే రోగాలకు మూలమని ఆయన వాదం. ఆ వాదం ఈనాటి శరీరశాస్త్రం ముందు నిలవదు, ఇప్పటి మంచి కాలేజీలు కూడా దాన్ని చరిత్ర పాఠంగానే చెబుతాయి. మిగిలింది చేతిపని: బిగుసుకున్న కీలును తక్కువ దూరం, ఎక్కువ వేగంతో ఒక్క తోపు తోయడం. అప్పుడొచ్చే చప్పుడు ఎముక ‘తన చోట్లో కూర్చున్న’ చప్పుడు అనుకుంటారు చాలామంది. కీలు లోపలి జిగురు ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గినప్పుడు వాయువు బుడగ కట్టడం వల్ల వచ్చే శబ్దం అది. మెటికలు విరిచినప్పుడు వచ్చేదీ అదే. ఒకసారి వచ్చాక అదే కీలులో మళ్ళీ రావాలంటే సుమారు ఇరవై నిమిషాలు ఆగాలి. చప్పుడు రాకపోయినా పని జరిగి ఉండవచ్చు, చప్పుడు వచ్చినా జరగకపోవచ్చు. ఈ ఒక్క ముక్క తెలిసినవాడికి వీడియోల మోజు సగం తగ్గుతుంది.

మన సీమలో నడుం పట్టేస్తే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత తొక్కించుకోవడం పాత అలవాటు. చెయ్యి విరిగితే పుత్తూరు కట్టుకు పోతారు. కైరోప్రాక్టిక్‌ను ఈ రెంటి పక్కనా కూర్చోబెట్టడం వల్ల గందరగోళం మొదలవుతోంది. పుత్తూరు కట్టు విరిగిన ఎముకకు. కైరోప్రాక్టర్ విరిగిన ఎముకను ముట్టుకోకూడదు, ముట్టుకుంటే అది తప్పు. అతని పని ఎముక బాగుండి కీలు, కండరం బాధపెడుతున్నప్పుడే. ఏది ఎముక బాధ, ఏది కీలు బాధ, ఏది లోపల దాగిన పెద్ద జబ్బు అని విడదీయడానికే చదువులో ఎక్కువ భాగం పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ముందు వైద్య చదువు లేనివాడికి నాలుగేళ్ళు, కనీసం 4,200 గంటల బోధన ఉండాలి. అందులో 1,000 గంటలు పెద్దల పర్యవేక్షణలో రోగుల మీద శిక్షణ. ఇప్పుడు ఊరూరా హోటల్ హాళ్ళలో పెడుతున్న రెండు వారాంతాల ‘సర్టిఫైడ్ కైరోప్రాక్టర్’ కోర్సును లెక్కేయండి: నాలుగు రోజులు, రోజుకు ఎనిమిది గంటలు, మొత్తం 32 గంటలు. అందులో భోజనం, ఫొటోలు, సర్టిఫికెట్ల పంపిణీ కూడా కలిసే ఉంటాయి.

ఇక మన దేశపు చట్టం. కైరోప్రాక్టిక్‌కు భారతదేశంలో చట్టబద్ధమైన మండలి లేదు, రిజిస్టరు లేదు. ఆయుష్ కింద ఉన్న పద్ధతులు ఆయుర్వేదం, యోగా, ప్రకృతి వైద్యం, యునానీ, సిద్ధ, సోవా రిగ్పా, హోమియోపతి. ఇది వాటిలో లేదు. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం పది తరగతుల వృత్తులను షెడ్యూల్లో చేర్చింది. ఫిజియోథెరపీ అందులో ఉంది, కైరోప్రాక్టిక్ లేదు. కాబట్టి అమెరికాలో ఆరేడేళ్ళు చదివి వచ్చినవాడైనా ఇక్కడ బోర్డు మీద రాసుకునే డిగ్రీకి వెనక నిలబడే ప్రభుత్వ కార్యాలయం ఒక్కటీ ఉండదు. విదేశీ డిగ్రీకి మన దగ్గర సమానత్వ పత్రం తెచ్చుకున్నా అది పై చదువులకు పనికొచ్చే కాగితమే, చికిత్సకు అనుమతి కాదు. తల్లిదండ్రులు ఎక్కువగా మోసపోయేది ఈ రెంటి మధ్య తేడా తెలియకనే. జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019లో 34వ సెక్షన్ ఉంది. అర్హత, నమోదు లేకుండా వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ‘మేము మందులు రాయడం లేదు కదా’ అన్నది గట్టి సమాధానం కాదు. కేసు పడ్డాక కోర్టులో వాదించుకోవాల్సిన మాట అది.

చట్టం లేకపోవడం వల్ల జేబుకు తగిలే దెబ్బ కూడా ఉంది. జీఎస్టీలో ఆరోగ్య సేవలకు ఉన్న మినహాయింపు ‘భారతదేశంలో గుర్తింపు ఉన్న వైద్య పద్ధతి’కి. కైరోప్రాక్టిక్ పేరుతో బిల్లు ఇస్తే ఆ మినహాయింపు దొరుకుతుందని ధీమాగా కూర్చోలేం. ఏడాది వసూళ్ళు 20 లక్షలు దాటితే 18 శాతం గురించి ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోవాలి. అదే గది, అదే బల్ల, అవే చేతులు ఫిజియోథెరపిస్టువైతే లెక్క వేరు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద కైరోప్రాక్టిక్‌కు ప్యాకేజీ లేదు. మామూలు ఆరోగ్య బీమా కూడా దీనికి డబ్బు కట్టదు. రోగి ప్రతిసారీ జేబులోంచే ఇవ్వాలి. రోజు కూలికి పోయే మనిషిని వారానికి మూడుసార్లు రమ్మంటే రెండో వారం రాడు. ‘24 సిట్టింగుల ప్యాకేజీ’ అని ముందే డబ్బు కట్టించుకునే అలవాటు ఇందుకే పుట్టింది. మొదటి రోజే 24 అని చెప్పేవాడు పరీక్ష చేసి చెప్పడం లేదు, అద్దె లెక్క చూసి చెబుతున్నాడు.

విదేశాల సంగతికి వస్తే అమెరికాదే పెద్ద మార్కెట్టు. యాభై రాష్ట్రాల్లోనూ లైసెన్సు ఉంది, చివరగా ఇచ్చింది 1974లో లూసియానా. మన పిల్లలకు అక్కడి దారి ఇలా ఉంటుంది. ఇంటర్ బైపీసీ తర్వాత నేరుగా సీటు రాదు. కాలేజీ స్థాయిలో 90 సెమిస్టర్ క్రెడిట్లు, నాలుగుకు మూడు గ్రేడు సగటు, అందులో జీవ, భౌతిక శాస్త్రాలు 24 క్రెడిట్లు, వాటిలో సగానికి ల్యాబు ఉండాలి. మన బీఎస్సీ లేదా బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మార్కుల పత్రాలను అక్కడి సంస్థ చేత మదింపు చేయించి పంపాలి. ల్యాబు గంటలు మార్కుల మెమోలో విడిగా కనబడకపోతే క్రెడిట్లు కోసేస్తారు. కాలేజీ నుంచి సిలబస్ కాపీ స్టాంపు వేయించుకుని ముందే దగ్గర పెట్టుకోవాలి. ఐదేళ్ళ తర్వాత ఆ కాలేజీ మూతపడితే సంతకం పెట్టేవాడు దొరకడు.

డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్ నాలుగు విద్యా సంవత్సరాలు. సెలవులు లేకుండా చదివించే కాలేజీల్లో అదే మూడున్నర ఏళ్ళకు కాస్త అటూ ఇటూగా అయిపోతుంది. దాంతో పాటే జాతీయ బోర్డు పరీక్షలు నాలుగు భాగాలు. మొదటిది శరీర నిర్మాణం, వెన్నెముక, శరీరధర్మం, రసాయనం, వ్యాధి శాస్త్రం, సూక్ష్మజీవులు. రెండోది చికిత్సకు సంబంధించిన సబ్జెక్టులు. మూడోది రోగి కేసుల మీద. నాలుగోది ప్రాక్టికల్: ఎక్స్‌రే చదవడం, చేతిపని చూపించడం, రోగిని నడిపించే తీరు. వీటి పైన ఫిజియోథెరపీ పేరుతో ఒక ఐచ్ఛిక పరీక్ష ఉంటుంది. చాలా రాష్ట్రాలు దాన్నీ అడుగుతాయి కాబట్టి పేరుకే ఐచ్ఛికం. ఆ తర్వాత రాష్ట్రం వారీగా చట్టాల పరీక్ష, నేరచరిత్ర విచారణ, దరఖాస్తు. ఒక రాష్ట్రం లైసెన్సు పక్క రాష్ట్రంలో చెల్లదు.

మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది చదువులో కాదు, చదువైపోయిన తర్వాతి ఏడాదిలో. విద్యార్థి వీసా మీద చదివినవాడికి పని అనుభవానికి దొరికేది 12 నెలలు. సాఫ్ట్‌వేర్ చదివిన అన్నకు దొరికినట్టు ఇంకో రెండేళ్ళ పొడిగింపు దీనికి లేదు, ఎందుకంటే ఆ పొడిగింపు దొరికే సైన్సు, టెక్నాలజీ కోర్సుల జాబితాలో ఇది లేదు. ఆ 12 నెలల్లో ఉద్యోగం లేకుండా గడపగలిగింది మొత్తం కలిపి 90 రోజులే. లైసెన్సు చేతికి రాకముందే ఆ గడియారం మొదలైతే బోర్డు ఆఫీసులో ఫైలు కదిలే లోపు 90 రోజులూ కరిగిపోతాయి. అందుకని నాలుగో భాగం ఫలితం, రాష్ట్ర దరఖాస్తు, పని అనుమతి మొదలయ్యే తేదీ ఈ మూడింటినీ ఆఖరి సెమిస్టర్ మొదట్లోనే ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకోవాలి. ఆ తర్వాత హెచ్1బీ. దానికి యజమాని దరఖాస్తు పెట్టాలి, లాటరీ తగలాలి. అక్కడి కైరోప్రాక్టిక్ క్లినిక్కుల్లో చాలావరకు ఒకరిద్దరు డాక్టర్లు, ఒక రిసెప్షనిస్టుతో నడిచేవి. లాయరు ఫీజు పెట్టుకుని వీసా తీసే ఓపిక వాళ్ళలో అందరికీ ఉండదు.

వేరొకరి క్లినిక్కులో అసోసియేట్‌గా చేరేటప్పుడు ఒప్పందంలో ఒక మాట వెతకాలి: నీ శాతం బిల్లింగ్ మీదా, కలెక్షన్ మీదా? బీమా కంపెనీ బిల్లు వేసినంతా ఇవ్వదు. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ 1970ల తొలినాళ్ళ నుంచి కైరోప్రాక్టర్‌కు డబ్బు కడుతోంది, కానీ వెన్నెముకకు చేత్తో చేసే చికిత్సకు మాత్రమే. పరీక్షకు ఇవ్వదు, ఎక్స్‌రేకు ఇవ్వదు. వెన్నెముకలో ఎన్ని భాగాలకు చేశావన్న దాన్ని బట్టి బిల్లు కోడు మారుతుంది. ఒకటి రెండు భాగాలకు ఒకటి, మూడు నాలుగుకు ఇంకొకటి, ఐదింటికి మరొకటి. నోట్సులో రెండు భాగాలే రాసి మూడు భాగాల కోడు వేస్తే ఆడిట్‌లో ఆ డబ్బు వెనక్కి కట్టే బాధ్యత క్లినిక్కుతో పాటు లైసెన్సు ఉన్నవాడి మీదా పడవచ్చు. ఒప్పందంలో ‘ఇన్ని మైళ్ళలో రెండేళ్ళు సొంత క్లినిక్కు పెట్టరాదు’ అన్న షరతు ఉందేమో కూడా చూసుకోవాలి.

డబ్బు లెక్క కూడా ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023 మేలో కైరోప్రాక్టర్ల మధ్యస్థ వార్షికాదాయం 76,530 డాలర్లు. అంటే సగం మందికి అంతకన్నా తక్కువే. ఫీజు ఒక్కటే లక్ష డాలర్లు దాటుతుంది, ఇంటి అద్దె, తిండి వేరు. ఇక్కడ కోటి రూపాయల అప్పు 11 శాతం వడ్డీకి తెచ్చి పదేళ్ళలో తీర్చాలంటే నెల కంతు సుమారు 1 లక్షా 38 వేలు. చదువుకునే రోజుల్లో పేరుకున్న వడ్డీ దీనికి అదనం. అక్కడ స్థిరపడితే కట్టగలడు. వీసా దొరక్క వెనక్కి వస్తే ఆ కంతు కట్టగల కైరోప్రాక్టర్ ఉద్యోగం రాయలసీమలో కాదు గదా, హైదరాబాద్‌లో కూడా దొరకడం కష్టం. పొలం తాకట్టు పెట్టే ముందు తండ్రి చూసుకోవాల్సింది ఈ రెండో లెక్క.

మిగతా దేశాలను పొడిగా చెబుతాం. బ్రిటన్‌లో 1994 చట్టం కింద జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్ ఉంది. అందులో నమోదు లేకుండా ఆ పేరు వాడుకోవడమే నేరం. అక్కడ నాలుగేళ్ళ సమీకృత మాస్టర్స్ చదవాలి, బోర్న్‌మౌత్‌లోని విద్యాసంస్థ 1965 నుంచి నడుస్తోంది. ఆస్ట్రేలియాలో జాతీయ కైరోప్రాక్టిక్ బోర్డు ఉంది. మక్వారీ, ఆర్‌ఎంఐటీ, మర్డాక్ వంటి విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ళ దారి. ఆ దేశం వలస జాబితాల్లో ఈ వృత్తికి చోటు ఉండేది, కానీ జాబితాలు మారుతుంటాయి, దరఖాస్తు పెట్టే నెలలో చూసుకోవాలి. కౌలాలంపూర్‌లోని ఐఎంయూ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్ళ ఆనర్స్ డిగ్రీ ఉంది. ఇంటర్ తర్వాత వెళ్ళగల దగ్గరి చోట్లలో అదొకటి. మలేసియా 2016లో చేసిన సంప్రదాయ, అనుబంధ వైద్య చట్టం కిందికి కైరోప్రాక్టిక్ కూడా వస్తుంది. గల్ఫ్ అంటే మన రాజంపేట, రాయచోటి వైపు అందరికీ కువైట్ గుర్తొస్తుంది గానీ, ఈ వృత్తికి ముందు చూడాల్సింది దుబాయ్. అక్కడి ఆరోగ్య అథారిటీ లైసెన్సు ఇచ్చే వృత్తుల్లో కైరోప్రాక్టర్ ఉంది. అది కూడా గుర్తింపు ఉన్న పూర్తి డిగ్రీకే, ఆ డిగ్రీని ఇచ్చిన కాలేజీ నుంచే నేరుగా నిర్ధారణ చేసుకుంటారు. హోటల్ హాలు సర్టిఫికెట్ అక్కడ కౌంటరు కూడా దాటదు.

డిగ్రీ ఉన్నవాడికి క్లినిక్కు ఒక్కటే దారి కాదు. ఎక్స్‌రే, ఎంఆర్ఐ చదవడంలో మూడేళ్ళ రెసిడెన్సీ చేసి రేడియాలజీ వైపు వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఆటగాళ్ళ గాయాల మీద ప్రత్యేక శిక్షణ ఉంది. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జీతం ఉద్యోగాలు ఉన్నాయి. బీమా సంస్థలకు కేసు ఫైళ్ళు పరిశీలించి అభిప్రాయం ఇచ్చే పని ఉంది, ఒంటికి శ్రమ తక్కువ కాబట్టి మణికట్టు, నడుం అరిగిపోయిన పెద్దవాళ్ళు దాంట్లోకి మారతారు. అవును, ఈ పనిలో చికిత్స చేసేవాడి నడుమే ముందు పోతుంది. బల్ల ఎత్తు మనకు తగ్గట్టు మారనిది కొంటే మూడేళ్ళలో తెలిసొస్తుంది. గుర్రాలకు, కుక్కలకు చేసే శాఖ కూడా ఒకటుంది, అది వేరే కోర్సు. బోధన, పరిశోధనకు ఆయా దేశాల్లో అవకాశం ఉంది. మన బీపీటీ కాలేజీల్లో మాత్రం పాఠం చెప్పడానికి ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) కావాలి, కైరోప్రాక్టిక్ డిగ్రీ పనికిరాదు. క్రీడా సంస్థల ప్రకటనలూ అంతే. అనంతపురం ఆర్డీటీ క్రీడాగ్రామం లాంటిది పక్కనే ఉన్నా, మన దేశంలో ఆటగాళ్ళ దగ్గర ఉద్యోగానికి అడిగేది ఫిజియోథెరపీ డిగ్రీనే.

అందుకే ఈ జిల్లాల్లో ఉండి వెన్ను, కీళ్ళ పని చేయాలనుకునే పిల్లలకు మేము చెప్పేది ముందు బీపీటీ. ఇన్నాళ్ళూ నాలుగున్నరేళ్ళు ఉన్న ఈ కోర్సు కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళు. ప్రవేశ నిబంధనలు ఏ ఏటికాయేడు విశ్వవిద్యాలయం నోటిఫికేషన్లో చూసుకోవాలి. ఆ తర్వాత ఎంపీటీలో కండరాలు, ఎముకల విభాగం. వెన్ను కీలును తోసే పద్ధతి ఫిజియోథెరపీలోనూ ఉంది. మెయిట్లాండ్ పద్ధతిలో ఒకటి నుంచి నాలుగు గ్రేడులు మెల్లగా కదిలించేవి, ఐదోది ఒక్క తోపు. అంటే వీడియోలో చూసి మోజుపడ్డ ఆ పని ఇక్కడి చట్టం ఒప్పే డిగ్రీలోనే నేర్చుకోవచ్చు. ఆ పైన విదేశానికి వెళ్ళాలనిపిస్తే ఈ డిగ్రీయే 90 క్రెడిట్లకు ఆధారమవుతుంది. వెళ్ళకపోతే నష్టం లేదు. వెళ్ళి వెనక్కి వచ్చినా నిలబడటానికి నేల ఉంటుంది. ఇప్పటికే కైరోప్రాక్టిక్ మాత్రమే చదివి వచ్చినవాళ్ళు ఉంటే, అర్హత ఉన్న ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరో ఆసుపత్రిలోనో వాళ్ళ బాధ్యత కింద పనిచేయడం, ఫ్యాక్టరీల్లో పనిభంగిమల సలహాలు ఇవ్వడం వంటివి మిగులుతాయి. ఎర్రగుంట్ల, తాడిపత్రి సిమెంటు పట్టీలో, బేతంచెర్ల రాళ్ళ పాలిషింగ్ యూనిట్లలో, ఆదోని యార్డులో బస్తాలు మోసేవాళ్ళలో నడుం నొప్పి లేనివాడు దొరకడం అరుదు. బండను ఎత్తే తీరు, బల్ల ఎత్తు, ఇద్దరు మోయాల్సింది ఒక్కడు మోయకుండా చూడటం, ఇవి చెప్పి జీతం తీసుకునే ఉద్యోగం ఇంకా మనవైపు సరిగా మొలకెత్తలేదు. అవసరం మాత్రం నిండా ఉంది.

సొంత క్లినిక్కు పెట్టేవాళ్ళకు: ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు రాష్ట్రంలో 2002 నుంచి చట్టం ఉంది, ఫిజియోథెరపీ యూనిట్లూ దాని కిందికే వస్తాయి. దరఖాస్తు జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలో. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు, సూదులు వాడితే బయోమెడికల్ వ్యర్థాల ఒప్పందం వేరు. ఎక్స్‌రే మిషను పెట్టాలంటే అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి తప్పనిసరి. అసలు చిన్న క్లినిక్కుకు ఎక్స్‌రే మిషను అక్కర్లేదు. మిషను ఉంటే దాని కంతు కోసం ప్రతివాడికీ ఫొటో తీయాలనిపిస్తుంది. మోకాలి సుత్తి, బీపీ మిషను, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్కు, కోణమాపకం, బరువు చూసే యంత్రం, తెలుగులో ముద్రించిన అంగీకార పత్రం. మంచి బల్ల కొన్నాక మిగతావన్నీ ఒక సంచిలో పడతాయి.

ఈ చదువులో నిజంగా ఏముందో తెలియాలంటే ఒక మామూలు నడుం నొప్పి మనిషిని చూడండి. ‘ఎల్‌4, ఎల్‌5లో గ్యాప్ వచ్చిందంట సార్’ అని ఎంఆర్ఐ కవరు పట్టుకుని వస్తాడు. ఆ కవరు ముందు తెరవకూడదు. ఎప్పుడు మొదలైంది, రాత్రి నిద్రలో లేపుతోందా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నాయా, పాత క్యాన్సర్ ఉందా, స్టెరాయిడ్ మాత్రలు, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నాడా? మూత్రం ఆగిపోవడం, తొడల మధ్య, గుర్రపు జీను ఆనే చోట తిమ్మిరి ఉన్నాయా? ఈ చివరి రెంట్లో ఏదున్నా చెయ్యి వేయకుండా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పంపాలి. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి కాలు వంచకుండా లేపాలి. 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందికి లాగితే నరం నొప్పి అనుమానం. మోకాలి దెబ్బకు కాలు ఎగరడం నాలుగో నడుము నరం, బొటనవేలు పైకెత్తే బలం ఐదోది, మడమ దెబ్బ మొదటి త్రికాస్థి నరం. ఇదంతా అయ్యాక వేళ్ళతో ఒక్కో కీలు తడిమి చూస్తే ఏది కదలడం లేదో తెలుస్తుంది. తోపుకు పట్టేది సెకనులో చిన్న వంతు. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, పై మోకాలు వంచి, ఆ పాదాన్ని కింది మోకాలి వెనక ఆనించి, చిటికెనవేలి వైపు మణికట్టు ఎముకను కీలు మీద ఉంచి, ఊపిరి వదిలేటప్పుడు బిగువు చివరి దాకా తీసుకుని తోయాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఆ బిగువు తీసుకోకపోవడం. అప్పుడు కండరం ఎదురుతిరుగుతుంది, తోపు బలం పెంచుతారు, పక్కటెముక నొప్పి మొదలవుతుంది. ముట్లాగిన పెద్దామెలకు ఎముక గుల్లబారి ఉంటే అదే తోపుకు పక్కటెముక విరుగుతుంది. ఒకటి రెండు రోజులు ఒళ్ళు నొప్పిగా ఉండటం మామూలే. తిమ్మిరి పెరిగితే మాత్రం ఆపి పరీక్ష చేయించాలి.

పాశ్చాత్య పుస్తకాల్లో రెండు వాక్యాలతో సరిపెట్టి, మన నేల మీద మాత్రం పేజీలు రాయాల్సిన విషయాలు రెండున్నాయి. ఒకటి వెన్నెముక క్షయ. సాయంత్రం జ్వరం, ఆకలి మందగించడం, ఒక్కచోటే నొక్కితే నొప్పి. ఆ మెత్తబడ్డ పూస మీద తోపు పడితే కాళ్ళు పడిపోయే ప్రమాదం. రెండోది ఫ్లోరోసిస్. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అనంతపురం, కడప, కర్నూలు మెట్ట పల్లెల్లో బోరు నీరు ఏళ్ళతరబడి అంతకు మించి తాగినవాళ్ళున్నారు. వాళ్ళ వెన్ను బిగుసుకుంటే అది కీలు పట్టేయడం కాదు, స్నాయువులు సున్నం పట్టి గట్టిపడటం. ఎముక చూడటానికి దట్టంగా ఉంటుంది, లోపల పెళుసు. మూడు పనులు చేయించి చూడాలి: మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళు ముట్టుకోవడం, గడ్డాన్ని రొమ్ముకు ఆనించడం, చేతులు పక్కలకు చాపి మడిచి తల వెనక ముట్టుకోవడం. ఏది చేయలేకపోయినా పళ్ళ మీద మచ్చలు చూసి, తాగే నీటి సంగతి అడిగి, ఎక్స్‌రేకు పంపాలి. అలాంటి వెన్నును తోయకూడదు. డావెన్‌పోర్ట్‌లో చదివిన డాక్టరుకు ఈ మనిషి ఎదురై ఉండడు. కదిరిలోనో పుట్టపర్తిలోనో బోర్డు పెట్టినవాడికి మొదటి నెలలోనే ఎదురవుతాడు.

మెడ సంగతి ఇంకా జాగ్రత్త. మెడ పూసల్లోంచి మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు ఉన్నాయి. ఒక్కసారిగా తిప్పినప్పుడు లోపలి పొర చిరిగితే పక్షవాతం రావచ్చు. అరుదే, కానీ వస్తే ప్రాణం మీదికే రావచ్చు. కళ్ళు తిరగడం, ఒకటి రెండుగా కనబడటం, మాట తడబడటం, మింగలేకపోవడం, ఉన్నట్టుండి పడిపోవడం, ఇవి ఉన్నవాడి మెడను తాకరాదు. క్షవరం అయ్యాక మంగలి షాపులో అలవాటుగా మెడ విరిపించుకునేవాళ్ళకూ ఇదే మాట. ఇక షుగరు, ఆస్తమా, పిల్లల పక్క తడపడం తగ్గుతాయని చెప్పేవాళ్ళను నమ్మకండి, వాటికి గట్టి ఆధారం లేదు. నడుం నొప్పికి ఆధారం ఉంది, అదీ మితంగానే. బ్రిటన్‌లో చికిత్సా మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో ఇచ్చిన సూచన ప్రకారం, చేతి చికిత్సను వ్యాయామంతో కలిపిన ప్యాకేజీలో భాగంగానే వాడాలి.

సంపాదకులు గారూ, మీకు మా విన్నపం రెండు విషయాల్లో. కైరోప్రాక్టిక్ కోర్సుల ప్రకటన ఏదొచ్చినా ‘ఈ కోర్సు చేసినవారికి చికిత్స లైసెన్సు ఇచ్చే సంస్థ పేరు, దేశం’ అన్న ఒక్క గడి నింపమని మీ ప్రకటనల విభాగం అడగాలి. నింపలేనివాళ్ళ ప్రకటన వేయకుండా ఉంటే కొన్ని కుటుంబాలకు పొలం మిగులుతుంది. రెండోది, మీ విద్యా పేజీలో జూన్ నెలాఖరులోగా ఏ దేశంలో ఏ బోర్డు, ఎన్నేళ్ళ చదువు, ఏ వీసా అన్న పట్టిక ఒకటి వేయండి. అందుకు కావలసిన వివరాలు సమకూర్చి ఇవ్వడానికి మేము సిద్ధం. ఆ పట్టికలో భారతదేశం అన్న గడి ఎదురుగా ‘లేదు’ అని వేసేటప్పుడు మాత్రం అక్షరాలు కాస్త పెద్దవి పెట్టించండి.

ఇట్లు,
కర్నూలు, అనంతపురం, కడపలకు చెందిన కొందరు ఫిజియోథెరపిస్టులు